ముల్లు వణికిన చోట

కార్ల ఎలక్ట్రికల్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే, "ఏ స్కానర్ కొనాలె సార్?" అని. ముందు మంచి టార్చిలైటు కొనుక్కోమంటాను. ముసలాయన వేళాకోళం చేస్తున్నాడనుకుని నవ్వి వెళ్లిపోతారు. వేళాకోళం కొంత ఉందనుకోండి, కానీ టార్చిలైటు మాట మాత్రం నిజంగానే చెప్తున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు నా డబ్బా సంగతి చెప్పాలి.

సూర్యాపేటలో హైవే పక్కన రేకుల షెడ్డు కింద నేను చాలాకాలం ఆటో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను. అంతకుముందు హైదరాబాదులో ఒక పెద్ద వర్క్‌షాపులో పని నేర్చుకున్నాను. హారన్లు, సెల్ఫ్ మోటార్లు, డైనమోలు, అందరూ చేసే పనే. దానితోపాటు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ చెయ్యని పని ఒకటి నా చేతికొచ్చింది. పాత విదేశీ కార్లలో పెట్రోలు చిమ్మే ఎలక్ట్రానిక్ పద్ధతిని పరీక్షించడం.

మన కార్లన్నీ కార్బురేటర్‌తో నడిచే రోజుల్లోనే ఆ విదేశీ కార్లలో ఇంజెక్టర్లు ఉండేవి. ఎంబసీల వాళ్లు వాడి వదిలేస్తే వేలంలో ఎవరో కొన్నవి, చేతులు మారి మారి మన మిల్లు సేట్ల షెడ్లలోకి, డాక్టర్ల ఇళ్లలోకి వచ్చినవి. ఇంజనుకు ఎంత వేడి ఉంది, ఎంత గాలి పీలుస్తోంది, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు అనే కబుర్లు తీగల మీద ఒక డబ్బాకు చేరతాయి. ఎంత పెట్రోలు చిమ్మాలో ఆ డబ్బా లెక్కగడుతుంది. మేం దాన్ని 'బ్రెయిన్' అంటాం. ఇప్పటి కార్లలో అయితే బ్రెయిన్‌కు స్కానర్ తగిలిస్తే తన జబ్బు తానే చెప్పుకుంటుంది. ఆ పాత డబ్బాకు నోరు లేదు.

అందుకే టెస్టర్. బూడిదరంగు ఇనప్పెట్టె, పైన మోయడానికి పిడి, ముందువైపు ముల్లు తిరిగే మీటరు, దాని కింద గుండ్రని స్విచ్చి. బ్రెయిన్‌కు ఉన్న లావుపాటి ప్లగ్గును పీకి, దాన్ని ఈ పెట్టెకు తగిలించాలి. స్విచ్చి ఒక్కో గుర్తు దగ్గర ఆపుతూ పోతే ఒక్కో సెన్సర్ సంగతి ముల్లు చెబుతుంది. బీపీ చూసే డాక్టరు పంపు నొక్కినట్టు నేను ఆ స్విచ్చి తిప్పుతుంటే చుట్టూ జనం ఊపిరి బిగబట్టి చూసేవారు. ఆ కాసేపు నా అంత గొప్పవాడు జిల్లాలో లేడని నాకే అనిపించేది.

మా పెద్ద మేస్త్రి

ఆ పెట్టె మా వర్క్‌షాపు పెద్ద మేస్త్రి జోసెఫ్ గారిది. వర్క్‌షాపు మూసేస్తుంటే నాకిచ్చారు. పనిలో ఆయనను మించినవాణ్ని నేను చూడలేదు. నేర్పడంలో మాత్రం పరమ పిసినారి. "ఇదెందుకు సార్?" అంటే "నువ్వే చెప్పు" అనేవారు. చెబితే "తప్పు" అనేసి వెళ్లిపోయేవారు. ఎందుకు తప్పో చెప్పేవారు కాదు. అలా చెప్పకుండా ఏడిపిస్తేనే పని వస్తుందని చాలామంది మేస్త్రీలు నమ్ముతారు. నాకు ఆ నమ్మకం లేదు. చెబితే ఇంకా తొందరగా వస్తుంది. నా షెడ్డులో నేను అన్నీ చెప్పేవాణ్ని, కొందరు వినడం మానేసేంతగా చెప్పేవాణ్ని.

అయితే ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. తాళం చెవి తిప్పగానే వెనక పెట్రోలు పంపు 'జుయ్'మని ఒక్కసారి మోగి ఆగుతుంది. ఆ చప్పుడు విన్నానని చెప్పకుండా టెస్టర్ మీద చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. ముందు చెవి, తర్వాత ముక్కు, తర్వాత కన్ను, అన్నిటికన్నా చివర పెట్టె. విసుగొచ్చేది. పెట్టె ఉండగా ఈ చెవులూ ముక్కులూ ఎందుకని అనిపించేది. ఆయన చెప్పకుండా వదిలేసిన కారణం నాకు కోదాడలో కొంత, మిర్యాలగూడలో పూర్తిగా తెలిసింది.

కోదాడ ఎండ

కోదాడలో ఒక డాక్టరుగారి పాత కారు ఎండాకాలంలో మొరాయించింది. పట్నం నుంచి ఒకాయన టెస్టర్ తెచ్చి చూసి, ఇంజను వేడి చెప్పే సెన్సర్ పోయిందన్నాడు. ఎక్కడెక్కడో వెతికి ఇంకోటి తెప్పించి బిగించాడు. అదీ పోయిందే వచ్చిందన్నాడు. డాక్టరుగారు నన్ను పిలిపించారు.

"ఏమండీ సత్యంగారూ, కొత్తది కూడా పాడైపోయిందంటాడేంటండీ ఆయన? ఇట్లా కూడా జరుగుద్దా?"

నేను పెట్టి చూస్తే నిజమే, ముల్లు ఉండాల్సిన గీతకు బాగా కిందే ఆగింది. రెండు సెన్సర్లూ ఒకేలా పాడవుతాయా అన్నదే నాకు పట్టుకుంది. పాడైనవి ఎప్పుడూ ఎవరి దారిన అవి పాడవుతాయి. రెండూ ఒకే మాట చెబుతున్నాయంటే నిజమే చెబుతున్నాయేమో.

పక్కనే కూల్‌డ్రింకుల దుకాణంలో ఐసుగడ్డ అడిగి తెచ్చాను. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, ఐసు వేసి, డాక్టరుగారి జ్వరం థర్మామీటరు అంత చల్లదనం చూపించదు కనుక ఫోటో స్టూడియో ఆయన దగ్గర ఫోటోలు కడిగే మందునీళ్ల వేడి చూసుకునేది అడిగి, దాన్నీ ఇంజను నుంచి విప్పిన సెన్సర్నూ అందులో పెట్టాను. నీళ్లు చల్లబడేకొద్దీ మీటరు ముల్లు పైకి లేచింది. వచ్చి సరిగ్గా గీత మీద నిలబడింది. ఆ గీత గీసినవాళ్లది చలి దేశం. వాళ్ల షెడ్డులో చల్లారిన ఇంజను అంటే నిజంగా చల్లగా ఉంటుంది. మన కోదాడలో మే నెల మధ్యాహ్నం, పొద్దుటినుంచి కదలని ఇంజను కూడా కాలుతూనే ఉంటుంది. సెన్సర్ పాపం ఆ మాటే చెప్పింది.

అసలు తప్పు ఒక రబ్బరు గొట్టం. ఎండకు పెళుసెక్కి చీలి, బ్రెయిన్ లెక్కలోకి రాని దొంగగాలి పీలుస్తోంది. గొట్టం మార్చాను. ఆ గీతల పక్కనే మన ఎండాకాలం గీతలు కూడా పెయింటుతో గీసుకున్నాను. పెట్టె అబద్ధం చెప్పదు. కాకపోతే అది తన ఊరి మాట చెబుతుంది, మన ఊరికి మనమే మార్చుకోవాలి. డాక్టరుగారికి ఈ ఐసుగడ్డ వైద్యం ఎంత నచ్చిందంటే, వచ్చినవాళ్లందరికీ చెప్పి నన్ను దాదాపు ఇంకో డాక్టరును చేసేశారు.

మిర్యాలగూడ మిల్లులో

ఇప్పుడు చెప్పేది నేను షెడ్డు మూసే ముందరి సంగతి. ఈ పని గురించి ఒక్కటే చెప్పమంటే ఇదే చెబుతాను.

లక్ష్మీనర్సయ్య సేటుకు మిర్యాలగూడలో రైస్‌మిల్లు ఉంది. వాళ్ల నాన్న కొన్న పాత జర్మనీ కారును ఆయన ప్రాణంగా చూసుకుంటాడు. ఒకసారి కోదాడలో పెళ్లికి దానిలోనే వెళ్లాడు. దారిలో సైలెన్సర్ పట్టీ తెగి వేలాడింది. కోదాడలో ఖాజా అని, పాత బండ్ల రేకుకు వెల్డింగ్ చెయ్యడంలో మంచి పేరున్నవాడొకడు ఉన్నాడు. సేటు పెళ్లి భోజనం చేసి వచ్చేలోపు ఖాజా పట్టీ అతికించాడు. తాళం తిప్పితే బండి స్టార్ట్ కాలేదు. ఎంత తిప్పినా కాలేదు.

వెల్డింగ్ కరెంటు పాకితే బ్రెయిన్ కాలిపోతుంది, అది అందరికీ తెలిసిందే. అందుకే వెల్డింగ్‌కు ముందు బ్రెయిన్ ప్లగ్గు పీకి పక్కన పెట్టాలి. పీకానని ఖాజా అన్నాడు. పీకలేదని సేటు అన్నాడు. సేటు మాటదే పైచెయ్యి అయింది, ఎందుకంటే బండి చచ్చి కూర్చుంది కదా. కారును లారీ మీద ఎక్కించి మిర్యాలగూడ తెచ్చుకున్నాడు. సేటు చుట్టాలందరికీ మిల్లులు, లారీలు. మాట కోదాడ దాటి హుజూర్‌నగర్ దాకా పాకింది. 'ఖాజా చెయ్యి పెడితే బండి కాలుతది' అని. లారీలవాళ్లు ఖాజా షెడ్డు ముందునుంచే వెళ్తూ వేరేచోట ఆపుకోవడం మొదలుపెట్టారు. రేకు పని చేసేవాడికి పేరే కదా బతుకు. ఇంకొన్నాళ్లు అలాగే సాగితే షెడ్డుకు తాళం వేసుకోవాల్సిందే.

సేటు నాకు ఫోన్ చేశాడు. "సత్తెం, నీ డబ్బా పట్కరా. బ్రెయిన్ కాలిందంటే కాలిందని చెప్పు. నేను దాన్ని పీకేసి కార్బురేటర్ ఏయించుకుంట."

ఈ సంగతి తెలిసి ఖాజా కూడా ఫోన్ చేశాడు. "సత్తెమన్నా, నేను కూడ వస్త. మీ డబ్బ ఏది చెప్తే అదే. కాలిందంటే ఇగ నేనేం మాట్లాడ."

ఇద్దరూ నా పెట్టె మీదే భారం వేశారు. కానీ ఈ టెస్టర్‌కు ఒక లోపం ఉంది, అది వాళ్లిద్దరికీ తెలియదు. టెస్టర్ బ్రెయిన్‌ను పరీక్షించదు. బ్రెయిన్‌ను పక్కకు తోసి, దాని చోట్లో తాను కూర్చుని మిగతావన్నీ చూస్తుంది. మిగతావన్నీ బాగుంటే తప్పు బ్రెయిన్‌దే అని తీర్పు చెప్పేస్తాం. ఇంట్లో అందర్నీ అడిగి, అడగని ఒక్కణ్ని దొంగ అన్నట్టే. ఎన్నోసార్లు ఆ తీర్పు నిజమే అవుతుంది. ఎన్నోసార్లు అయింది కనుక అలవాటైపోతుంది.

మిల్లు ఆవరణలో కారు నీడకు పెట్టి ఉంది. సేటు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఖాజాకూ ఒక కుర్చీ వేశారు గానీ అతను కూర్చోలేదు. పంపు చప్పుడు విన్నాను, బాగానే ఉంది. వెనక సీటు ఎత్తి, బ్రెయిన్ ప్లగ్గు పీకి, నా పెట్టెకు తగిలించాను. స్విచ్చి తిప్పుకుంటూ పోయాను. వేడి బాగుంది. గాలి బాగుంది. ఇంజెక్టర్లు బాగున్నాయి. ఒక్కచోట మాత్రం ముల్లు సన్నగా వణికింది. ప్లగ్గును నా పెట్టె నుంచి తీసి మళ్లీ దానికే గట్టిగా తోశాను. ఈసారి వణకలేదు. చివరిదాకా అన్నీ గీత మీదే.

"అన్ని మంచిగనే ఉన్నయా?" అన్నాడు సేటు.

"ఉన్నయి సేటు."

"అయితే బ్రెయినే గద పోయింది?"

ఖాజా నా వంక చూడలేదు, నేల చూస్తున్నాడు. 'అవును' అని నేను అనాల్సిన చోటది. పెట్టెతో వచ్చిన పుస్తకంలో కూడా అదే రాసుంటుంది. కానీ ఆ వణుకు నన్ను వదల్లేదు. మొదటిసారి వణికి, రెండోసారి ఎందుకు వణకలేదు? ప్లగ్గులో ఏదో మురికి ఉండి, నా పెట్టెలో ప్లగ్గు దిగే ఇత్తడి ముళ్లు దాన్ని రాసి శుభ్రం చేసి ఉండాలి. అక్కడ మురికి ఉంటే ప్లగ్గు కూర్చునే రెండోవైపు, అంటే బ్రెయిన్ ముళ్ల మీద, ఏముంది? టెస్టర్ ఆ జాగాను ఎప్పటికీ చూడలేదు. అది కూర్చోవాలంటే ఆ జాగా ఖాళీ చెయ్యాల్సిందే కదా.

"జర ఆగు సేటు" అని, టార్చిలైటు, పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం తీశాను.

బ్రెయిన్ ముళ్ల మొదట్లో ఎర్రగా ఏదో దట్టించి ఉంది. తుప్పనుకున్నాను. ఆ ముళ్లు ఇత్తడివి, ఇత్తడికి పట్టే చిలుము పచ్చగా ఉంటుంది గానీ ఎర్రగా ఉండదు. అగ్గిపుల్లతో కొంచెం గీకి వేలిమీద వేసుకుని వాసన చూశాను. గంధం వాసన. కుంకుమ.

"సేటూ, ఈ డబ్బకు బొట్టు పెట్టినవా?"

సేటు ముఖం వెలిగింది. "పెట్టకుంటనా? దసరాకు మిల్లుల మోటర్లకు, కాంటలకు, లారీలకు అన్నిటికి పెడ్తం గద. ఈ కారుకు పానమంత ఈ డబ్బలనే ఉంటదని పట్నంల ఒకాయన చెప్పిండు. ఇన్నేండ్లు తెల్వక టైర్లకు పెట్టిన. ఈసారి సీటు లేపి, నా చేత్తోని, గంధం కుంకుమ మంచిగ తడిపి దీనికే ముందు పెట్టిన."

డబ్బాకు కనబడే వైపు ఒక్కటే, అది ప్లగ్గు దిగే వైపు. బొట్టు సరిగ్గా ఆ అతుకు మీదే పడింది.

నేను చెప్పింది విని సేటుకు కోపమొచ్చింది. "ఏందయ్యా, బొట్టు పెడ్తే బండి ఆగుతదా? దసరా నాడు గుడికి పోయి రాలేదా? కోదాడ దాక పోలేదా?"

న్యాయమైన ప్రశ్నే. నేను కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. బొట్టు పైన ఉన్నంతసేపు ఏ బాధా లేదు. ప్లగ్గు పీకినప్పుడు ఎండిన కుంకుమ రాలి లోపల పడుతుంది. మళ్లీ తోసినప్పుడు ముళ్ల సందుల్లోకి దట్టంగా దిగుతుంది. ఇందాక నేను ప్లగ్గు పీకానే గానీ బ్రెయిన్‌కు తిరిగి పెట్టలేదు. మరి కుంకుమను లోపలికి దట్టించింది ఎవరు? దసరా తర్వాత, నాకంటే ముందు, ఈ ప్లగ్గును పీకి మళ్లీ పెట్టినవాడు ఒకడున్నాడు.

"ఖాజా, వెల్డింగ్ ముందల ప్లగ్గు పీకినవ్."

"పీకిన అన్నా. ఆ దినమే చెప్పిన గదా."

నేను అక్కడితో ఆగలేకపోయాను, తెలుసుకోవాలనే దురద నాకు మొదటినుంచీ ఉంది. "మరి పీకినప్పుడు ఈ బొట్టు కనబడలేదా?"

ఖాజా డబ్బా వైపు ఒకసారి చూశాడు. "కనబడ్డది."

"తుడిస్తే అయిపోవు గద?"

"పూజ బొట్టు అన్నా. ఆళ్లు మొక్కి పెట్టుకున్నది. నేనెట్ల తుడుస్తా? రాలకుండ పైలంగ పట్కొని పీకిన, పైలంగనే పెట్టిన."

"సరే, అప్పుడు తుడవలే. బండి ఆగినంకనన్న చెప్పొచ్చు గద, బొట్టు లోపల పడ్డదేమోనని? ఇన్ని మాటలు పడుకుంట ఎందుకుంటివి?"

"అనుమానం తెల్లారే వచ్చిందన్నా." అతని గొంతు బాగా తగ్గింది. "ఏమని చెప్పాలా? సేటు పూజ చేసినందుకే బండి ఆగిందని నేను, ఖాజాను, కోదాడ సెంటర్ల నిలబడి చెప్పాలా? ఆ మాట నా నోటెంట వస్తే ఎట్లుంటదో మీకు తెల్వదా? షెడ్డు పోతే పోనీ అనుకున్నా."

మిల్లులో మోటారు నడుస్తూనే ఉంది. ఆ మనిషి ముందు నా పెట్టె, నా ముల్లు, నా గొప్ప అన్నీ చిన్నవైపోయాయి.

బ్రష్షు, స్పిరిటు తీసి అలవాటుగా ఖాజా చేతికివ్వబోయాను. ఖాజా చెయ్యి చాచలేదు. సేటు కుర్చీలోంచి లేచి "ఇటు తే" అన్నాడు. పంచె ఎగ్గట్టుకుని, కారు వెనక సీట్లో మోకాళ్లమీద కూర్చుని, తాను పెట్టిన బొట్టును తానే తుడవడం మొదలుపెట్టాడు. నేను టార్చి పట్టుకున్నాను. ఆయన ఒక్కో ముల్లూ తోముతుంటే చెమట కారి డబ్బా మీద పడుతుందేమోనని ఖాజా తన భుజం మీది తువ్వాలు అందించాడు. సేటు తీసుకుని ముఖం తుడుచుకున్నాడు.

ప్లగ్గు పెట్టాం. తాళం చెవి సేటు ఖాజాకిచ్చాడు. మొదటిసారికే ఇంజను అందుకుంది.

"ప్లగ్గు తియ్యకుండ వెల్డింగ్ చేసుంటే డబ్బ నిజంగనే కాలిపోయేది సేటు" అన్నాను. "ఈయన తీసినందుకే బతికింది."

సేటు చెప్పులేసుకుని వచ్చి డ్రైవర్ పక్క సీట్లో కూర్చున్నాడు. "దిగకు ఖాజా. నడువు. కోదాడ పోదాం."

"ఇప్పుడెందుకు సేటూ?"

"లారోళ్లు సాయంత్రానికి గాడ్నే ఉంటరు గద. నడువ్."

గరిడేపల్లి మీదుగా పోయారు. నేను పెట్టె సర్దుకుని సూర్యాపేట బస్సెక్కాను. కోదాడలో జరిగింది ఖాజా ఫోన్‌లో చెప్పాడు. సేటు లారీ స్టాండు ముందు కారు ఆపించి, దిగి, నలుగుర్నీ పిలిచి అన్నాడట: "తప్పు ఖాజాది కాదు, నాది. బొట్టు పెట్టరాని కాడ నేను పెట్టిన. దాన్ని చెరపరాదని ఈయన నిందంత మోసిండు. మల్ల ఎవడన్న ఈన పేరెత్తితే నాకు చెప్పుండ్రి."

"మరి నువ్వేమన్నవు?" అని అడిగాను.

"నేనేమంటా అన్నా," అన్నాడు ఖాజా, "సేటు చెయ్యి పట్టుకుని షెడ్డు లోపలికి తీస్కపోయి కూర్చోబెట్టినా."